డిస్కు కొనాలా, ముందు డిష్ సరిచేయాలా? కడప, అనంతపురం, కర్నూలు ఇళ్ళకు రికార్డింగ్ సలహా

టీవీ రికార్డింగ్ కోసం ఎంత పెద్ద హార్డ్ డిస్క్ కొనాలని ఎవరైనా అడిగితే, నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను: గాలి వీచినప్పుడు, వాన పడినప్పుడు మీ టీవీలో బొమ్మ ఎట్లా ఉంటుంది? గళ్ళు గళ్ళుగా విడిపోతుంది, అప్పుడప్పుడు ఆగిపోతుంది అంటే డిస్కు మాట తర్వాత చూసుకోవచ్చు. ముందు మిద్దె ఎక్కాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం పండువెన్నెల్లో, రాత్రిపూట జరుగుతుంది. ఒక ఏడు అమ్మ అక్కడికి వెళ్ళింది. ఇంట్లో ఉన్న నేను లైవ్ రికార్డు పెట్టాను. అందుకోసమే కొత్తగా ఒక టీబీ డిస్కు కొన్నాను కూడా. ఆ రాత్రి కడపలో ఈదురుగాలి లేచి నాలుగు చినుకులు పడ్డాయి. మరుసటి రోజు అమ్మను కూర్చోబెట్టి వేసి చూపిస్తే, సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆ ఘట్టం అయిపోయింది. "పోనీలే నాయనా, కండ్లారా చూసినా కదా" అంది అమ్మ. నాకు మాత్రం మనసు పట్టలేదు. డిస్కులో తొమ్మిది వందల జీబీకి పైగా ఖాళీ ఉంది. కావలసిన రెండు నిమిషాలు లేవు.

కారణం చాలా సులువైనది. బాక్సు ఉపగ్రహం నుంచి అందిన డేటాను అందినట్టే డిస్కులోకి రాస్తుంది. అందని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఏ డిస్కూ తర్వాత నింపలేదు.

మిద్దె మీద ఏం చూడాలి

బాక్సు సెట్టింగుల్లో సిగ్నల్ పేజీ ఉంటుంది. అందులో రెండు గీతలు కనిపిస్తాయి: ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. చాలామంది స్ట్రెంత్ చూసి తృప్తి పడతారు. మనం చూడాల్సింది క్వాలిటీ. కేబుల్‌లోకి ఎంత శక్తి వస్తోందో స్ట్రెంత్ చెబుతుంది, అందులో వాడుకోదగ్గ సిగ్నల్ ఎంతో క్వాలిటీ చెబుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజే క్వాలిటీ అంచు మీద ఉంటే, చిన్న మబ్బుకే పోతుంది.

డిష్ ఎటు చూడాలనేది మీ కంపెనీ ఏ ఉపగ్రహం వాడుతుందనే దాన్ని బట్టి ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్ళు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గర, ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీల దగ్గర. కడప నుంచి లెక్క వేస్తే ఫ్రీ డిష్ దాదాపు సరిగ్గా ఆగ్నేయంలో, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. టాటా ప్లే దక్షిణానికి దగ్గరగా, 72 డిగ్రీల ఎత్తున. ఎయిర్‌టెల్ ఆగ్నేయం కంటే తూర్పు వైపుకు బాగా జరిగి, 52 డిగ్రీల ఎత్తున. అనంతపురం, కర్నూలుకు ఇందులో నాలుగైదు డిగ్రీలకు మించి తేడా రాదు.

ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, అడ్డం ఏదో కనిపెట్టడానికి ఇవే ఆధారం. డిష్ కంటే పది అడుగులు ఎత్తున్న గోడో, వాటర్ ట్యాంకో ఎదురుగా ఉందనుకోండి. టాటా ప్లేకి మూడున్నర అడుగుల దూరం ఉంటే సిగ్నల్ దాని మీదుగా వచ్చేస్తుంది. ఫ్రీ డిష్‌కి అయిదు అడుగులు కావాలి, ఎయిర్‌టెల్‌కి ఎనిమిది. కాబట్టి తూర్పు పక్కన పొరుగువాళ్ళు మూడో అంతస్తు లేపుతున్నా, వేపచెట్టు ఎదుగుతున్నా, ముందుగా ఇబ్బంది పడేది ఎయిర్‌టెల్ డిష్. కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళు ప్యాకేజీ ధరతో పాటు ఈ సంగతి కూడా చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. మన ఇళ్ళ మీది డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) నడిమధ్యలో ఉండదు, కిందనుంచి చాచిన చేయి మీద ఉంటుంది. అందువల్ల డిష్ ముఖం చూస్తున్నట్టు కనిపించే చోటుకంటే అది నిజంగా చూసే చోటు ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. ముఖం ఎదురుగా చెట్టు కనిపించినంత మాత్రాన చెట్టు కొట్టేయకండి. పాలకొండల వల్ల కడపలో సిగ్నల్ రాదని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. యాభై, అరవై డిగ్రీల ఎత్తు నుంచి దిగే సిగ్నల్‌కు ఊరి పక్కనున్న కొండ అడ్డం రాదు. ఆ మాట పాత యాంటెనా రోజుల నుంచి మిగిలింది.

అడ్డం ఏమీ లేకపోతే తర్వాత చూడాల్సింది బిగింపు. మన దగ్గర కడప బండలు పరిచిన మిద్దెలు ఎక్కువ. డ్రిల్లు వేస్తే బండ పగులుతుందనీ, వానకు కారుతుందనీ భయపడి బోల్టు అరకొరగా బిగిస్తారు. భయం నిజమైనదే, కానీ వదులుగా ఉన్న డిష్ ఆషాఢ గాలికి నిలబడదు. అనంతపురం వైపు గాలి సంగతి చెప్పనక్కరలేదు, రామగిరి గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. నేను చేసిన ఉపాయం ఇది: మిద్దెకు చిల్లు పెట్టకుండా, రెండడుగుల చదరంలో సిమెంటు దిమ్మె పోయించి, అందులోనే స్టాండు నిలబెట్టించాను. మేస్త్రీకి సగం పూట పని. ఆ తర్వాత గాలికి డిష్ జరగలేదు. పిట్టగోడ గట్టిగా ఉంటే దానికి పక్కనుంచి బిగించినా మంచిదే. కోతులు తిరిగే వీధుల్లో మాత్రం డిష్‌ను అవి పట్టుకుని ఊగే పిట్టగోడ మీద కాకుండా, కింద దిమ్మె మీదే పెట్టుకోవాలి.

ఇక కేబుల్. మా ఇంట్లో అసలు దోషం ఇక్కడే దొరికింది. కొన్ని ఛానెళ్ళు బాగా వచ్చేవి, కొన్ని ఎప్పుడూ రావు. డిష్ కదిలితే అన్నీ తగ్గాలి కదా అని చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఛానెల్ ఉన్న తరంగం నిలువా అడ్డమా అన్నదాన్ని బట్టి బాక్సు కేబుల్ ద్వారా ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులో 18 వోల్టులో పంపుతుంది. కనెక్టర్ తుప్పు పట్టినా, కేబుల్ సన్నదైనా ఆ 18 వోల్టులు పైకి చేరేసరికి తగ్గిపోతాయి. అప్పుడు అడ్డ తరంగం ఛానెళ్ళు మొత్తం పోతాయి. మాకు ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎండకు కేబుల్ పైతోలు పగిలి, నవంబరు వానలకు నీళ్ళు లోపలికి దిగాయి. కనెక్టర్ మార్చి, కేబుల్ చివర ఒక జానెడు కోసేసి, నీళ్ళు కిందికి జారేలా ఒక వంపు పెట్టి కట్టాను. ఖర్చు చాలా తక్కువ. క్వాలిటీ గీత అంతకుముందు ఎప్పుడూ లేనంత పైకి వచ్చింది.

కేబుల్ కొత్తది వేస్తే ఆర్‌జీ-6 అని అచ్చు ఉన్నదే తీసుకోండి. మధ్యలో జాయింట్లు వద్దు. రెండు గదుల్లో రెండు బాక్సులు కావాలంటే కేబుల్ టీవీకి వాడే స్ప్లిటర్ పనికిరాదు. ఒక బాక్సు 13 వోల్టులు, ఇంకోటి 18 పంపితే రెండూ గొడవ పడతాయి. రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టించుకోవాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా వానకు పోతుంటే, అప్పుడు డిష్ పెద్దది చేయడం గురించి ఆలోచించండి. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 75ది పెడితే సుమారు 2 డెసిబెల్స్, 90ది పెడితే 3.5 డెసిబెల్స్ లాభం. కుండపోత వానకు ఏ డిష్ అయినా కాసేపు ఆగుతుంది. మామూలు వానకు మాత్రం ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇంకో మాట: మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులపాటు పగటిపూట కొద్ది నిమిషాలు బొమ్మ పోతే కంగారు పడొద్దు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, దానంతటదే సర్దుకుంటుంది. అందుకోసం మెకానిక్‌ను పిలిచి డబ్బులు ఇవ్వకండి.

యాంటెనా సంగతి

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. మన దేశంలో దూరదర్శన్ పాత భూతల ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా ఆపేసింది. 2016లో డిజిటల్ భూతల ప్రసారం మొదలుపెట్టింది చెన్నై, బెంగళూరు లాంటి కొన్ని పెద్ద నగరాల్లోనే, మన మూడు ఊళ్ళు అందులో లేవు. కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మే పల్చటి "హెచ్‌డీ డిజిటల్ యాంటెనా" కొని కిటికీకి అంటిస్తే ఏమీ రాదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చి ఇచ్చింది కూడా అంతే. అక్కడ ఊరి టవర్ల నుంచి ఉచితంగా హెచ్‌డీ ఛానెళ్ళు వస్తాయి, అక్కడివాళ్ళు డిష్ బాక్సుకు యాంటెనా కలిపి రెండూ రికార్డు చేసుకుంటారు. వాళ్ళ పద్ధతి ఏటీఎస్‌సీ, మనది డీవీబీ. ఉచితంగా గాలిలో వచ్చే ఛానెళ్ళు కావాలంటే మనకు దారి ఫ్రీ డిష్ ఒక్కటే.

డిస్కుల్లో ఏది

ముందు మీకు ఎంత జాగా కావాలో లెక్క వేసుకోండి. హెచ్‌డీ ఛానెల్ సెకనుకు 8 మెగాబిట్లు అనుకుంటే గంటకు 3.6 జీబీ. మామూలు ఛానెల్ 2 మెగాబిట్లు అయితే గంటకు ఒక జీబీ లోపే. అంటే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీ పదిహేడు గంటలు, 480 జీబీలో నూట ముప్పై గంటలు, ఒక టీబీలో సుమారు రెండు వందల డెబ్బై గంటలు పడతాయి. రికార్డు చేసిన నూట ముప్పై గంటలు తిరిగి చూసే తీరిక ఎంతమందికి ఉంటుంది? ఒక టీబీ దాటి కొనడం నా ఉద్దేశంలో దండగ.

పెన్‌డ్రైవ్ వారానికి ఒకటో రెండో కార్యక్రమాలు రికార్డు చేసి, చూసి, చెరిపేసేవాళ్ళకు సరిపోతుంది. టైమ్ షిఫ్ట్ వాడేవాళ్ళకు వద్దు. లైవ్‌ను ఆపి మళ్ళీ నడిపించే ఆ సౌకర్యం ఆన్‌లో ఉంటే బాక్సు టీవీ నడిచినంతసేపూ రాస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ కాలుతుంది, త్వరగా పాడవుతుంది.

పోర్టబుల్ హార్డ్ డిస్క్ అందరూ కొనేది. ధరకు జాగా ఎక్కువ వస్తుంది, నేనూ ముందు అదే కొన్నాను. దానితో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి కరెంటు. బాక్సు వెనకాల మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు అంతకు రెట్టింపు లాగగలదు. టిక్ టిక్ అని చప్పుడు వచ్చినా, రికార్డింగ్ మధ్యలో "డిస్కు లేదు" అని వచ్చినా డిస్కు చెడిపోయిందని పారేయకండి, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టి చూడండి. రెండోది వేడి. చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కుల వివరాల్లో 35 డిగ్రీల దాకా ఉన్న గదిలోనే వాడాలని ఉంటుంది. మే నెలలో మన గదులు రాత్రిపూట కూడా ఆ అంకె దగ్గరే ఉంటాయి. అందులోనూ టీవీ కింద అద్దాల అరలో, కాలే బాక్సు పక్కనే డిస్కు పెడతాం.

అందుకే ఇప్పుడు అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఎస్‌ఎస్‌డీ. 480 లేదా 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దానికి ఒక యూఎస్‌బీ కేసు. లోపల తిరిగేది ఏమీ లేదు కాబట్టి మొదలయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగదు, చప్పుడు లేదు, 60, 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. జీబీకి ధర హార్డ్ డిస్కు కంటే ఎక్కువే, నిజమే. రాసి రాసి అరిగిపోతుందని కొందరికి టెన్షన్. రోజుకు అయిదు గంటలు హెచ్‌డీ రాసినా ఏడాదికి ఆరేడు టీబీలు అవుతుంది. ఈ సైజు ఎస్‌ఎస్‌డీలకు కంపెనీలు చెప్పే రాత పరిమితి సాధారణంగా వంద టీబీ దాటే ఉంటుంది. అంటే బాక్సు మారిపోయినా అది మిగులుతుంది.

అడాప్టర్ ఉన్న పెద్ద డెస్క్‌టాప్ డిస్కు, అందులో సీసీ కెమెరాల కోసం చేసే రకం, రోజంతా రాయడానికే తయారైంది. పాత కంప్యూటర్ నుంచి మిగిలింది ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా కొనక్కరలేదు. దాని అడాప్టర్, బాక్సు రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. డిస్కు ఆగి బాక్సు నడిచినా, రాస్తుండగా కరెంటు పోయినా ఫైళ్ళు చెడతాయి. ఇది అన్ని డిస్కులకూ వర్తిస్తుంది కానీ దీనికి మరీ ఎక్కువ.

ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి. చాలా బాక్సులు కొత్త డిస్కు పెట్టగానే దాన్ని ఫార్మాట్ చేస్తాయి, లోపలున్నదంతా పోతుంది. పెళ్ళి ఫొటోలు ఉన్న డిస్కును తెచ్చి బాక్సుకు పెట్టొద్దు. ఇంకా, అన్ని డిస్కులనూ అన్ని బాక్సులూ గుర్తించవు. అందుకే ఆన్‌లైన్‌లో నాలుగు రూపాయలు తక్కువని చూడకుండా కడప వై.వి. వీధిలో తెలిసిన షాపులో, పనిచేయకపోతే మార్చి ఇస్తారని మాట తీసుకుని కొనడం మేలు. బాక్సునే షాపుకు తీసుకెళ్ళి పెట్టి చూస్తే ఇంకా మంచిది.

లోపలే డిస్కు ఉన్న బాక్సా, యూఎస్‌బీ రికార్డింగా

ఇక్కడ చూడాల్సింది జాగా కాదు, ట్యూనర్లు, అంటే బాక్సులో ఛానెల్‌ను పట్టే భాగాలు. మామూలు బాక్సులో ట్యూనర్ ఒకటే ఉంటుంది. అమ్మ సీరియల్ రికార్డు అవుతుంటే నాన్న వార్తలు చూడలేడు. లోపలే డిస్కుతో వచ్చే రికార్డర్ బాక్సుల్లో సాధారణంగా ట్యూనర్లు ఒకటికి మించి ఉంటాయి, ఒకటి రికార్డు చేస్తూ ఇంకోటి చూడొచ్చు. ఒకే టీవీ ఉండి నలుగురు చూసే ఇంటికి ఈ ఒక్క కారణం చాలు. దానికి ఎల్‌ఎన్‌బీ నుంచి రెండో కేబుల్ కావాలేమో అడిగి తెలుసుకోండి. లోపలి డిస్కు నిండిందని బాక్సు విప్పించి పెద్దది వేయించడం మాత్రం వద్దు. చాలాచోట్ల బాక్సు కంపెనీదే, విప్పితే వారంటీ పోతుంది, కొత్త డిస్కులో పాత రికార్డింగులు తెరుచుకోవు.

రికార్డింగుల తాళం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులో చేసిన రికార్డింగ్ ఆ బాక్సుకే కట్టుబడి ఉంటుంది. కంప్యూటర్‌లో తెరుచుకోదు, పక్కింటి బాక్సులోనూ తెరుచుకోదు. మా బాక్సు ఒకసారి పిడుగుల వానకు పోయింది. సర్వీసు వాళ్ళు వచ్చి కొత్త బాక్సు పెట్టి, "పాత రికార్డింగులు ఇక రావన్నా" అన్నారు. రెండేళ్ళుగా దాచుకున్నవన్నీ, తలంబ్రాలు లేని ఆ కల్యాణంతో సహా, డిస్కులో క్షేమంగా ఉన్నాయి, చూడటానికి మాత్రం వీల్లేదు. ఆ బాధలో ఉండగానే తెలిసింది, అదే కల్యాణ ప్రసారం యూట్యూబ్‌లో పూర్తిగా ఉందని. అమ్మకు అదే చూపించాను.

అందుచేత చాలాకాలం దాచుకోవాలనుకునేది డీటీహెచ్ బాక్సులో దాచకండి. అది చూసి చెరిపేసే వాటికి మాత్రమే. సీరియళ్ళు చాలావరకు ఆయా ఛానెళ్ళ యాప్‌లలో వస్తాయి. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే వాటికోసం డిస్కే అక్కరలేదు. ఫ్రీ డిష్‌కు బజారులో దొరికే తాళం లేని బాక్సు అయితే పద్ధతి వేరు. అందులో రికార్డింగ్ మామూలు ఫైలుగా పడుతుంది, కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, ఇంకో డిస్కులోకి కాపీ అవుతుంది. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరిలో వచ్చే పాత నాటకాలు, కచేరీలు ఇంట్లో చూసుకోవడానికి ఉంచుకోవాలనే పెద్దవాళ్ళకు నేను అదే చెబుతాను. కొనేటప్పుడు బాక్సుకు యూఎస్‌బీ రికార్డింగ్ ఉందా, ఎంపెగ్-4 (కొత్త రకం వీడియో) ఛానెళ్ళు వస్తాయా అని రెండూ అడగండి. ఎంపెగ్-2 మాత్రమే వచ్చే పాత బాక్సు చవగ్గా అంటగడతారు, అందులో చాలా ఛానెళ్ళు కనిపించవు.

మొన్న అనంతపురం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు, "బావా, రెండు టీబీ డిస్కు ఆఫర్‌లో ఉంది, తీసుకోనా?" అని. సిగ్నల్ పేజీ ఫొటో తీసి పంపమన్నాను. స్ట్రెంత్ నిండుగా ఉంది, క్వాలిటీ సగానికి తక్కువ. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే మిద్దె ఎక్కి, ముందు బాక్సు స్విచ్ ఆపేసి, ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూడమన్నాను. మాకు పట్టినట్టే లోపల పచ్చగా ఉందట. కనెక్టర్లు, ఆర్‌జీ-6 కేబుల్ పది మీటర్లు తెప్పించుకున్నాడు. డిస్కు ఇంకా కొనలేదు.